సుశీలమ్మ పరిచిన మ్యాటు

లక్నోలో మన క్రికెట్ జట్టు ఓడిందన్న వార్త పత్రికల్లో వచ్చిన రోజే, ఆ ఓటమికి సుశీలమ్మే కారణమని పాతబస్తీలో కొందరు తేల్చేశారు. లక్నో ఏ దిక్కున ఉందో కూడా ఆమెకు తెలియదు. నాంపల్లి స్టేషన్‌లో ఆమె ఏనాడూ రైలెక్కింది లేదు. అయినా ఆ సాయంత్రం పత్తర్‌గట్టిలో పాన్ డబ్బా ముందునుంచి వెళుతుంటే ఎవరో కేకేశారు.

"ఏం సుశీలమ్మా, లక్నోల మ్యాటు నువ్వే పరిచినవంట గద!"

నలుగురూ నవ్వారు. ఇంకొకరైతే తల వంచుకుని వెళ్లిపోయేవారు. సుశీలమ్మ ఆగింది, కొంగు నడుముకు దోపుకుంది, వెనక్కి తిరిగి డబ్బా దాకా వచ్చింది.

"ఆడొచ్చినోళ్లు గెలిచిన్రు, ఆడరానోళ్లు ఓడిన్రు. నడుమల మ్యాటు ఏం జేసింది భాయ్? నేను పరిచిన మ్యాటు మీద బంతి ఎట్ల వస్తదో ఐతారం నాడు వచ్చి చూడు" అంది. పాన్ డబ్బా అతను నవ్వు ఆపి ఆకులకు సున్నం రాసుకోవడం మొదలుపెట్టాడు.

అది పంతొమ్మిది వందల యాభై రెండు, అక్టోబరు చివరి వారం. దేశం రెండుగా చీలి అయిదేళ్లయింది. పాకిస్తాన్ జట్టు మొట్టమొదటిసారి మన దేశానికి వచ్చి టెస్టులు ఆడుతోంది. మొత్తం అయిదు. దీపావళి రోజుల్లోనే ఢిల్లీలో మొదటిది మనం ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం. పటాకులు ఎటూ ఇంట్లో ఉన్నాయి గనక కాల్చేశాం. వారం తిరిగేసరికి లక్నోలో వాళ్లు మనల్ని అదే ఇన్నింగ్స్ తేడాతో ఓడించారు. ఢిల్లీలో పచ్చిక పిచ్, లక్నోలో పిచ్ మీద పరిచిన జనపనార మ్యాటు. ఇక చూడండి, మ్యాటు అన్న మాట వినిపిస్తే చాలు, జనానికి ఒళ్లు మండేది. హైదరాబాదులో సగం మైదానాల్లో ఆడేది మ్యాటు మీదే అన్న సంగతి ఆ కోపంలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంతకీ సుశీలమ్మ ఎవరంటే, పురానాపూల్ దగ్గర మూసీ ఒడ్డున ఉన్న గుల్జార్ క్రికెట్ క్లబ్ మైదానంలో మ్యాటు పరిచే మనిషి. పుట్టిల్లు కార్వాన్‌లో పాడి చేసుకునే ఇల్లు. తెల్లవారుజామున గేదెల పాలు పిండి పెరిగిన చేతులు కావడంతో ఆ వేళ్లలో మంచి పట్టుండేది. పదహారో ఏట గుల్జార్ మైదానం చూసుకునే కొండల్‌ను పెళ్లాడింది. మధ్యాహ్నం జొన్నరొట్టె పట్టుకెళ్లి, అతను తినేదాకా మ్యాటు అంచున కూర్చునేది. ఓ రోజు అవతలి కొస లాగే కూలీ రాకపోతే తనే లాగింది. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆ కొస ఆమెదే.

నలభై ఎనిమిది వానాకాలంలో జ్వరం వచ్చి కొండల్ పోయాడు. కొత్త మనిషి దొరికేదాకా ఓ నెల రోజులు చూసుకోమని క్లబ్ సెక్రటరీ విఠల్‌రావు ఆమెకు చెప్పాడు. నాలుగేళ్లయినా ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. విఠల్‌రావు ఓ సర్కారు దఫ్తర్‌లో గుమాస్తా. మంచివాడే, కాకపోతే ఎవరు చివర మాట్లాడితే వాళ్ల మాట నిజమని నమ్మే రకం.

ఆమె పని చూడాల్సిందే. ఆటకు ముందురోజు సాయంత్రం ఎర్రమొరం నేలను తడిపి, రోలరు లాగించి, చీపురు ముట్టకుండా వదిలేస్తుంది. పొద్దున నేల చల్లగా, గట్టిగా అయ్యాక ఊడుస్తుంది. అప్పుడు మ్యాటు పరవాలి. నేలకు తేమ ఉండాలి, మ్యాటుకు చుక్క తగలకూడదు. తడిసిన జనపనార ముడుచుకుంటుంది, ఎండాక ఉబ్బి బిరుసెక్కుతుంది. అందుకే వర్షాకాలంలో మ్యాటు ఆమె మంచం కింద ఉంటుంది, ఆమె తడిసినా అది తడవదు. ఇద్దరు మనుషులు రెండు కొసలూ పట్టి లాగుతుంటే, ఆమె కొయ్య సుత్తె తీసుకుని నట్టనడుమ నుంచి రెండు పక్కలకూ మేకులు దిగ్గొట్టుకుంటూ పోతుంది. ఇటొకటి, అటొకటి. చివరికి చెప్పుల్లేకుండా ఈ వికెట్టు నుంచి ఆ వికెట్టు దాకా మడమలు ఆనించి నడుస్తుంది. కాలి వేళ్ల మధ్య దారమంత మడత తగిలినా ఆ పక్క మేకులన్నీ పీకి మళ్లీ మొదలుపెడుతుంది. బౌలర్లు విసుక్కుంటారు, ఆమె వినదు.

క్లబ్‌లో ఆమె అంటే గిట్టనివాడు వామన్‌రావు ఒక్కడే. తరాలుగా గుడి సేవలో ఉన్న ఇల్లు ఆయనది. తమ్ముడు గుడి చూసుకుంటే ఈయన ఆఫీసు ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు గుల్జార్ జట్టుకు మొదటి బ్యాట్స్‌మన్‌గా దిగేవాడు. మడి కట్టుకున్నంత శుభ్రంగా తెల్లబట్టలు వేసుకుంటాడు. ఆట కూడా వచ్చు, కాదనలేం. కానీ అవుటైన ప్రతిసారీ ఆయన బంతిని చూడడు, బౌలర్‌ను చూడడు, మ్యాటును చూస్తాడు. ఓ చోట బ్యాటుతో తట్టి, తల అడ్డంగా ఊపి, అప్పుడు కదులుతాడు. మూడేళ్లుగా జనం ఆ తల ఊపడం చూస్తూనే ఉన్నారు.

లక్నో ఓటమి వామన్‌రావుకు కలిసొచ్చింది. మ్యాటు తీసేసి పచ్చిక పిచ్ వేద్దామని, దానికి ఓ తోటమాలిని కూడా మాట్లాడానని కమిటీలో చెప్పాడు. లక్నోలో జరిగింది చూశాం గదా అనే ఒక్క మాటతో అందరి నోళ్లూ మూతబడ్డాయి. నవంబరు తొమ్మిది ఆదివారం మలక్‌పేట జట్టుతో పోటీ ఉంది. అది అయ్యాక, పదిహేడు సోమవారం కమిటీ కూర్చుని తేల్చాలనుకున్నారు. మ్యాటు పోతే సుశీలమ్మ కూడా పోవాల్సిందే. విఠల్‌రావు ఆ ముక్క నసుగుతూ ఆమె చెవిన వేశాడు.

"ఫికర్ జెయ్యకు సారూ. తొమ్మిది నాడు బంతి ఎట్లొస్తదో మీ కండ్లతోని మీరే చూస్తరు" అంది సుశీలమ్మ. ఆ మాటల్లో బెదురు లేదు. పరిచేది తను, ఇక బెదురెందుకని ఆమె ధీమా.

కానీ తొమ్మిదో తారీకు పొద్దున ఒక ఘనకార్యం జరిగింది. కార్తీకమాసం, పైగా నాలుగు రోజుల్లో బొంబాయిలో మూడో టెస్టు. లక్నో పీడ విరగడ కావాలంటే పూజ చెయ్యాలని వామన్‌రావుకు తోచింది. ఎక్కడ? మ్యాటు మీదే! దోషం మ్యాటుదైతే శాంతి కూడా మ్యాటుకే జరగాలి గదా అన్నాడు. అయిపోయిన రెండు టెస్టులు పోగా మిగిలినవి మూడు గనక బేగంబజార్ నుంచి మూడు కొబ్బరికాయలు తెప్పించాడు. మూసీ వైపు వికెట్టుకు పదిహేను అడుగుల దూరంలో ఇటుకరాయి పెట్టి బొంబాయి పేర ఒకటి, మద్రాసు పేర ఒకటి, కలకత్తా పేర ఒకటి కొట్టాడు. ముదురు కాయలు, నిండా నీళ్లు. జట్టంతా చేతులు జోడించి నిలబడింది. జట్టులోని ముస్లిం కుర్రాళ్లిద్దరు కూడా బొంబాయిలో మనం గెలవాలనే కోరికతో తలా ఓ కొబ్బరి ముక్క తీసుకున్నారు.

సుశీలమ్మ పక్కనే ఉంది. మొదటి కాయ నీళ్లు మ్యాటులోకి ఇంకడం చూసింది. ఆపాలనిపించింది. అయినా దేవుడి పని, దేశం పని, పంతులుగారి చెయ్యి. ఎలా వద్దంటుంది? రెండోదీ చూసింది, మూడోదీ చూసింది. ఆనక గబగబా గుడ్డతో అద్ది, ఎండ పడితే ఆరిపోతుందిలే అని తనకు తానే చెప్పుకుంది. జీవితంలో ఆమె చేసిన తప్పు పని ఏదైనా ఉంటే అదే.

మలక్‌పేట జట్టు ముందు బ్యాటింగ్‌కు దిగింది. తడి ఆరేకొద్దీ ఆ చోట జనపనార బిరుసెక్కి చిన్న అప్పడంలా ఉబ్బింది. గుల్జార్ బౌలరు వేసిన బంతి అక్కడ పడిందల్లా ఒకసారి గొంతు మీదికి లేచింది, ఒకసారి కాళ్ల కిందికి జారింది. వికెట్టు పడ్డప్పుడల్లా గుల్జార్ వాళ్లు ఎగిరి గంతులేశారు. మూడో వికెట్టు పడగానే రోలరు పక్కన కూర్చున్న సుశీలమ్మకు సంగతి పూర్తిగా అర్థమైంది. ఆమె ఒక్కతే గంతులేయలేదు. మలక్‌పేట డెబ్బై ఒక్క పరుగులకు కుప్పకూలింది.

భోజనాల వేళ వామన్‌రావు ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. ఆయన కళ్లకు కూడా ఆ ఉబ్బు కనబడింది. ఇప్పుడు దాని ఎదుట నిలబడాల్సింది ఆయనే.

"సుశీలమ్మా, వాళ్లు తినొచ్చే లోపల మ్యాటు పీకి, ఈ కొస ఆ దిక్కు, ఆ కొస ఈ దిక్కు తిప్పి పరువు. ఆ మచ్చ బంతి పడే దారిల లేకుండ జర పక్కకు గుంజు. ఎవ్వలకు తెల్వది."

"వాళ్లు గీ మ్యాటు మీదనే ఆడిన్రు గద అయ్యగారూ."

"నీ మంచికే చెప్తున్న. గిది గిట్లనే ఉంటే మనం ఓడిపోతం. ఓడిపోతే పదిహేడు నాటి కమిటీల నీ పని ఖతమ్."

సుశీలమ్మకు ఆ మాట గుచ్చుకుంది. తిప్పి పరిస్తే తన మ్యాటు బంగారమని అందరూ అంటారు. జట్టు గెలుస్తుంది, పని నిలుస్తుంది. పావుగంట చాలు ఆమె చేతులకు. ఆమె లేచి నేరుగా మలక్‌పేట వాళ్లు తింటున్న చింతచెట్టు కిందికి నడిచింది. వాళ్ల కెప్టెన్ ఖుద్దూస్, లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం మనిషి, అన్నం కలుపుతున్నవాడల్లా తలెత్తాడు.

"ఖుద్దూస్ భాయ్, మూసీ దిక్కు మ్యాటు ఖరాబైంది. పొద్దుగాల కొబ్బరినీళ్లు పడ్డయి. కొట్టింది వాళ్లు, చూసుకుంట నిలబడ్డది నేను. వద్దనవలసినదాన్ని, అనలే. తప్పు నాది, మ్యాటుది కాదు. ఇప్పుడు తిప్పి పరచాల్నా, గట్లనే ఉంచాల్నా, మీరు మీరు మాట్లాడుకొని చెప్పున్రి."

ఆమె వెనకాలే వచ్చిన విఠల్‌రావు, వామన్‌రావు కొయ్యబారిపోయారు. ఖుద్దూస్ ఆమెను చూసి, తర్వాత గుల్జార్ వాళ్లను చూసి నవ్వాడు.

"మేం ఆడినట్టే మీరు ఆడున్రి సాబ్. ఇన్సాఫ్ అంటే గదే గద."

ఆడారు. గుల్జార్ యాభై ఎనిమిదికి ఆలౌట్. వామన్‌రావుకు పక్కటెముక మీద ఓ దెబ్బ తగిలింది, తర్వాతి బంతి బొటనవేలికి తగిలి గాల్లోకి లేచి క్యాచ్ అయింది. వెళ్లేముందు ఖుద్దూస్, ఇది ఆట కిందికి రాదని, పొడి మ్యాటు మీద ఎప్పుడు పిలిస్తే అప్పుడొచ్చి మళ్లీ ఆడతామని చెప్పాడు. వామన్‌రావు మాత్రం పక్కటెముక పట్టుకుని సుశీలమ్మతో, "నువ్వే మమ్మల్ని ఓడగొట్టినవ్" అన్నాడు. ఆ వారమంతా క్లబ్‌లో ఎవరూ ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె మ్యాటును పాలనీళ్లలాంటి ఎండలో రోజుకు గంటసేపు ఆరేసి, ఉబ్బిన చోట గాజుసీసాతో రుద్దింది, మెత్తబడేదాకా వదల్లేదు.

పదహారో తారీకు ఆదివారం బొంబాయి టెస్టు అయిపోయింది. మనవాళ్లు పది వికెట్ల తేడాతో గెలిచారు! పత్తర్‌గట్టిలో రేడియో ఉన్న ప్రతి దుకాణం ముందూ జాతరే. మర్నాడు కమిటీ కూర్చునే వేళకు విఠల్‌రావు ముఖం వెలిగిపోతోంది. సుశీలమ్మను లోపలికి పిలిచి, వామన్‌రావు పక్కనే నిలబెట్టి ప్రకటించాడు.

"కాయ పని జేసింది సుశీలమ్మా! బొంబాయి పేర కొట్టిన కాయ ఉత్తగ పోలే. అందుకే మ్యాటు తీస్తలేం. మద్రాసు ముందల మళ్లొకసారి పూజ జేద్దాం. నీ పనికేం ఢోకా లేదు."

వామన్‌రావు కాదనలేడు, ఆ కాయ కొట్టింది ఆయనే. కమిటీ అంతా చప్పట్లు కొట్టింది. సుశీలమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. సంతోషించాల్సిన మాటే, ఆమెకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లు మడమలు అరిగేలా నడిచింది కొబ్బరికాయ పుణ్యాన ఉండడానికా?

"నాకొద్దు సారూ" అంది.

"ఏం వద్దు?"

"గిట్ల ఉండుడు వద్దు. రేపు మద్రాసుల ఓడిపోతే మళ్ల నా మీదికే వస్తరు. నన్ను ఉంచుకుంటే నా చేతి పని జూసి ఉంచుకోన్రి, లేదంటే పొమ్మనున్రి. మలక్‌పేటోళ్లను మళ్ల పిలువున్రి. మ్యాటు మీద ఒక్క చుక్క పడొద్దు. ఆట అయినంక బంతి తప్పు వచ్చిందంటే సుత్తె గీ బల్ల మీద పెట్టి పోత."

"తప్పు వచ్చిందో రాలేదో ఎవరు చెప్పాలె?" అన్నాడు విఠల్‌రావు.

సుశీలమ్మ వామన్‌రావు వైపు తిరిగింది. "అయ్యగారే చెప్పాలె" అంది.

గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమెను పంపించేయాలని మూడేళ్లుగా కూర్చున్న మనిషి చేతికే ఆమె తన పని అప్పజెబుతోంది. విఠల్‌రావు పక్కకు పిలిచి, పిచ్చా నీకు, ఇంకెవరి పేరైనా చెప్పమన్నాడు. "నా పని నాకు తెలుసు సారూ, ఆట ఆయనకు తెలుసు" అని ఆమె సుత్తె తీసుకుని వెళ్లిపోయింది. వామన్‌రావు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేదేముంది, అంతమంది ముందు అడిగింది.

ఇరవై మూడు ఆదివారం పొద్దున సన్నని చలి. సుశీలమ్మ ఆ రోజు మ్యాటు పరిచిన తీరు చూడ్డానికి మలక్‌పేట వాళ్లు కూడా ఓ గంట ముందే వచ్చారు. ఇటు మేకు, అటు మేకు. సుత్తె దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి కూడా మారలేదు. ఆఖర్న ఆమె మడమలు ఆనించి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది, ఒక్కచోట కూడా ఆగలేదు. విఠల్‌రావు తెచ్చిన కొబ్బరికాయను గేటు దగ్గరే కొట్టించింది.

మలక్‌పేట నూట అరవై రెండు చేసింది. బంతి పడ్డ చోటి నుంచి మోకాలి ఎత్తుకో నడుము ఎత్తుకో, రావాల్సినట్టు వచ్చింది. అవుటైన ప్రతివాడూ తన ఖర్మ కొద్దీ అవుటయ్యాడు.

మధ్యాహ్నం వామన్‌రావు దిగాడు. బౌలరు ఖుద్దూస్. మొదటి రెండు బంతులూ వామన్‌రావు ముచ్చటగా అడ్డుకున్నాడు. మూడోది కాస్త బ్యాటుకు దగ్గరగా పడింది. దాన్ని బౌండరీకి పంపాలని ఆయన బ్యాటు ఊపాడు. బంతి బ్యాటుకూ కాలికీ మధ్య నుంచి దూరి నడిమి వికెట్టును పెళ్లగించింది. సున్నా!

మలక్‌పేట వాళ్లు కూడా కేక పెట్టలేదు. అందరి చూపూ ఒక్కచోటికే పోయింది, ఎందుకంటే ఈయన ఇప్పుడేం చేస్తాడో అందరికీ తెలుసు. వామన్‌రావు వంగాడు. బంతి పడ్డ చోట బ్యాటుతో తట్టాడు. తర్వాత ఎన్నడూ లేనిది చేతి తొడుగు విప్పి, ఆ చోట అరచేయి ఆనించి నిమిరాడు. రోలరు పక్కనుంచి సుశీలమ్మ లేచింది. సుత్తె ఆమె చేతిలోనే ఉంది. కొండల్ పట్టిన సుత్తె అది, ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. అయినా మాట మాటే గనక మ్యాటు దాకా నడిచి వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

వామన్‌రావు నడుము సరిజేసుకున్నాడు. ఆమెనూ చూశాడు, పడిపోయిన వికెట్టునూ చూశాడు. ముఖం ఎర్రబడింది. అబద్ధం చెప్పడానికి ఒక్క తల ఊపు చాలు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"బంతి సక్కగనే వచ్చింది" అన్నాడు, బౌండరీ దాకా వినబడేటట్టు. "నాకే ఆడరాలే."

సుశీలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగేళ్లలో ఎవరి ముందూ తిరగని నీళ్లు అవి. దాచుకోవాలని కూడా ఆమె అనుకోలేదు, కొంగుతో ముఖమంతా ఒక్కసారి తుడుచుకుంది. అవతల నుంచి తర్వాతి బ్యాట్స్‌మన్ తొడుగులు వేసుకుంటూ వస్తున్నాడు. ఆమె కిందికి చూసింది.

"అయ్యగారూ, జర పక్కకు జరుగున్రి. మీ కాలి కింద సీల లేసినట్టున్నది" అంటూ వంగి, ఆ మేకు మీద సుత్తెతో రెండు దెబ్బలు వేసింది.